కింద పెట్టకూడని ఊరు

కొల్లాపూర్ దాటి కృష్ణ వైపు పోతే, రోడ్డు అయిపోయి నీళ్ళు మొదలయ్యే చోట మొగిలిరేవు కాలనీ ఉంటుంది. పాలమూరు జిల్లాకు సముద్రం లేదని బడిలో చెప్తారు. ఆ చెప్పే పంతులు మొగిలిరేవు చూడలేదన్నమాట. శ్రీశైలం డ్యాము నిండిన రోజుల్లో ఆ ఊరి చివరి ఇంటి ముందు నిలబడితే అవతలి ఒడ్డు కంటికి ఆనదు. గాలి లేస్తే అలలు వచ్చి మెట్లకు కొట్టుకుంటాయి. విశాఖపట్నం వైపు నుంచి వలలతో వచ్చి పక్కనే గుడిసెలు వేసుకున్న జాలర్లు మొగిలిరేవు వాళ్ళ యాస విని మొదట్లో నవ్వారు గానీ, ఆ నీటిని చూసి మాత్రం నవ్వలేదు.

ఆ కాలనీ గురించి బయటివాళ్ళకు తెలియని సంగతులు చాలా ఉన్నాయి. డ్యాము రాకముందు అదే పేరుతో ఊరు కింద, ఏటి పక్కన ఉండేది. నీళ్ళు వస్తున్నాయని ఖాళీ చేయించినప్పుడు జనం దర్వాజలు, దూలాలు, కప్పు బండలు పీక్కొచ్చి గడ్డ మీద కట్టుకున్నారు. పాత ఊళ్ళో ఎవరి పక్కన ఎవరుండేవారో కొత్త ఊళ్ళోనూ వాళ్ళే. అదే వరస, అవే సందులు, బావి దగ్గర అదే మలుపు. పాత పొరుగుతో పాత తగాదాలే చాలు, కొత్త పొరుగుతో కొత్త పంచాయితీ ఎందుకని అప్పటి పెద్దమనుషులు అన్నారట. కళ్ళకు గంతలు కట్టి వదిలినా మొగిలిరేవు వాడు తన గడపకు తాను చేరుకుంటాడు. అది వాళ్ళ గొప్ప. చుట్టాలు వస్తే అదే చెప్పుకుని మురిసిపోతారు.

ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గితే పాత ఊరు బయటపడుతుంది. మొండిగోడలు, అరుగులు, సమాధుల బండలు. ఆదివారం ప్రార్థన అయ్యాక కాలనీ వాళ్ళు గుంపుగా దిగిపోయి తమ తమ గడపలు ఊడ్చుకుంటారు. సమాధుల మీద బంతిపూలు పెట్టి వస్తారు. పూలు పెట్టవచ్చు, అవి పోయినవాళ్ళకే కదా. ఇంకేదీ అక్కడ కింద పెట్టకూడదు. పసిపిల్లలను పొద్దంతా చంకలోనే మొయ్యాలి. అన్నం డబ్బా చేతిలో పట్టుకునే తినాలి. చెయ్యి జారి ఏదన్నా కింద పడిందా, ఇక అది ఆ ఊరిదే. మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. అందుకే ఆ గోడల మధ్య చెప్పులు, టిఫిను డబ్బాలు, తువ్వాళ్ళు, ఒక మంచి చేతిగడియారం కూడా ఏళ్ళ తరబడి అట్లాగే పడి ఉన్నాయి. ఎందుకని అడిగితే పెద్దలు వద్దన్నారంటారు. పెద్దలను అడిగితే మాట మారుస్తారు.

విజేందర్ ఆ పాత ఊళ్ళోనే పుట్టాడు. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి భుజాల మీద ఎక్కి కొత్త ఊరికి వచ్చాడు. గుంట భూమి లేని ఇల్లు వాళ్ళది, కాబట్టి కృష్ణమ్మకు వాళ్ళ దగ్గర ముంచడానికి ఆ ఇల్లు తప్ప ఏమీ లేకపోయింది. అందరిలాగే అతనూ నీటి మీద గుండ్రటి పుట్టి తిప్పడం, వల వెయ్యడం నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు పిల్లలు లేరు. ఇక పుట్టరని తేల్చేసి చుట్టాలు సలహాలు మానేసిన తర్వాత అనూహ్య పుట్టింది. ఆ పిల్ల తుమ్మితే విజేందర్‌కు జ్వరం వచ్చేది. తల్లి గ్రేస్ షాద్‌నగర్‌లో ఒక ప్యాకింగ్ కంపెనీలో పనిచేస్తూ అక్కడే గది కిరాయికి తీసుకుని ఉండేది. పిల్ల మొగిలిరేవులో నాయనమ్మ జానమ్మ దగ్గర పెరుగుతోంది.

తెలంగాణ వచ్చాక రెండో ఎండాకాలం అది. ఆ ఏడు పడిన కరువు మాటల్లో చెప్పేది కాదు. నీళ్ళు పాత ఊరిని కూడా దాటి, ఇంకా కిందికి, ఏటి పాయలోకి పోయాయి. చేపలు పట్టేవాళ్ళు ఆ పాయ పక్కనే తాత్కాలికంగా పందిళ్ళు వేసుకున్నారు. పందిళ్ళ నుంచి కాలనీకి రావాలంటే నెర్రెలు విచ్చిన డ్యాము అడుగు మీద చాలా దూరం నడవాలి. కాలిబాట పాత ఊరి పక్క నుంచి చుట్టు తిరిగి పోతుంది.

బడికి సెలవులు. అనూహ్యకు ఏడేళ్ళు. పుట్టిలో తిరగాలని పోరు పెడితే ఆ రోజు విజేందర్ వెంట తెచ్చుకున్నాడు. సాయంత్రం దాకా పిల్ల బాగానే ఆడింది. ఇంటికి పోదామని చెప్పుల్లో కాలు పెట్టింది, అంతే, కెవ్వుమంది. చెప్పులోంచి ఎర్రతేలు బయటికి జారి రాళ్ళ కిందికి పోవడం విజేందర్ కళ్ళారా చూశాడు.

కాసేపట్లోనే పిల్ల ఒళ్ళంతా చెమట. నోటి వెంట చొంగ. చేతులు కాళ్ళు మంచుగడ్డలయ్యాయి. నల్లతేలు కుడితే ఏడుస్తారు, ఎర్రతేలు కుడితే ఏడుపు కూడా ఆగిపోతుందని అక్కడ అందరికీ తెలుసు.  సిగ్నల్ కోసం విజేందర్ ఎత్తుగా ఉన్న బండ మీదికి ఎక్కి తమ్ముడు నవీన్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. నవీన్ కొత్త ఊళ్ళో పుట్టినవాడు. ఆటో నడుపుతాడు. కట్టుబాట్లంటే నవ్వుతాడు.

"తమ్మీ, బిడ్డకు తేలు కుట్టింది. ఎర్రది. దవాఖానకు పోవాలె."

"ఫికర్ చెయ్యకన్నా. నువ్వు ఎత్తుకొని గడ్డకు రా. బండి కిందికి దిగదు, నెర్రెలల్ల ఇరుకుతది. నేను బావి కాడ ఆటో పెట్టుకొని ఉంట."

విజేందర్ పిల్లను భుజాన వేసుకుని నడక కాని పరుగు, పరుగు కాని నడక మొదలుపెట్టాడు. "యేసయ్యా, యేసయ్యా" అనుకుంటున్నాడు. వేరే ప్రార్థన ఏదీ నోటికి రాలేదు.

సగం దూరం రాకముందే పడమర దిక్కు ఎర్రగా లేచింది. వాన అనుకున్నాడు. వాన కాదు, దుమారం. డ్యాము అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న ఒండ్రు, ఎండకు పొడి పొడి అయినదంతా గాలి ఎత్తి మీద పోసింది. పొద్దు గూకకముందే చీకటి పడింది. ముక్కులో మన్ను, పళ్ళ మధ్య మన్ను. తువ్వాలుతో పిల్ల ముఖం కప్పి, తను తల వంచుకుని, కళ్ళు మూసుకుని నడిచాడు. తెరిచినా కనపడేది లేదు. కాలిబాట ఎక్కడ పోయిందో తెలియదు. గాలి చెవుల్లో హోరుమంటోంది. పిల్ల ఊపిరి మాత్రం మెడ దగ్గర వెచ్చగా తగులుతోంది. అదొక్కటే గుర్తు. అది తగిలినంతసేపు నడవచ్చు.

ఎంత నడిచాడో. కాలి కింద నెర్రెల మన్ను పోయి గట్టి బాట తగిలింది. చెయ్యి చాపితే గోడ తగిలింది. ఊరు వచ్చేసింది! ఇంత తొందరగానా అని అనుమానం రావలసింది. రాలేదు. భయంలో ఉన్నవాడికి తొందరగా వచ్చిన ఇల్లు దేవుడిచ్చిన ఇల్లే.

గోడ పట్టుకుని సందు వెంట పోయాడు. దుమారానికి కరెంటు తీసేసినట్టున్నారు, ఎక్కడా బల్బు లేదు. బావి రాతి ఒర చేతికి తగిలింది. ఆటో లేదు.

"నవీనూ! ఓ నవీనూ!"

గాలి తప్ప ఇంకో జవాబు లేదు. కుక్క కూడా మొరగలేదు. కొల్లాపూర్ నుంచి ఇంకా రాలేదేమో. ఇంటికి పోయి పిల్ల నోట్లో రెండు చుక్కల నీళ్ళు పోద్దామనుకున్నాడు. బావి దగ్గర మలుపు తిరిగాడు. ఏదో డబ్బా కాలికి తగిలి ఖణేలుమని దొర్లింది. ఎవరి పిల్లలో పారేసి ఉంటారు. చర్చికి పోయే సందు దాటాడు. ఆ తర్వాత తమ ఇల్లే. మోకాలికి అరుగు తగిలింది.

చేతులు స్పర్శ తెలియకుండా పోయాయి. పిల్ల గొంతులో గురగురమని చప్పుడు. లోపలి నుంచి వాసన వస్తోంది... పాచి పట్టిన రాయి వాసన, చేపల బుట్ట అడుగున ఉండే వాసన. తడి వలలు ఎవరో ఇంట్లో పెట్టారనుకున్నాడు.

"అమ్మా!"

"పండవెట్టు బిడ్డా," అంది లోపలి నుంచి ముసలి గొంతు. ఎంత మెత్తగా ఉందో ఆ గొంతు. "ఎంత దూరం మోసినవో. చేతులు పడిపోయినయ్ గదా. పండవెట్టు, అరుగు మీద."

పండబెట్టాడు.

"అమ్మా, జర దీపం తే."

"తెస్త."

"నవీన్ రాలేదా?"

"వస్తడు. అందరు వస్తరు."

అప్పుడు జేబులో ఫోను మోగింది. తెర మీద 'అమ్మ' అని ఉంది. లోపల చీకట్లో చెయ్యి తగిలి నొక్కుకుపోయిందేమో అనుకున్నాడు. చెవికి పెట్టుకున్నాడు.

"ఏడున్నవ్ బిడ్డా?" అటు నుంచి జానమ్మ గొంతు. "ఆటో బావి కాడ నిలవడి ఎంతసేపాయె. నేను అరుగు మీద కూసోని నీ తొవ్వ సూస్తున్న."

 విజేందర్ ఫోను వెలుతురు అరుగు మీదికి తిప్పాడు. పిల్ల ఉంది. పిల్ల వెనక దర్వాజ లేదు. తలుపు లేదు. నడుము ఎత్తు మొండిగోడ... దాని అవతల ఏమీ లేదు.

"అమ్మా... నువ్వు ఇంట్ల లేవా?"

"ఇంటి ముంగటనే ఉన్న బిడ్డా. ఏమయింది?"  అంతలోనే ఆమె గొంతు మారిపోయింది. "విజేందరూ. బిడ్డ సంకల్నే ఉన్నదా?"

అతను అరుగు మీది పిల్ల వైపు చూశాడు.

"సంకల్నే ఉన్నదా, చెప్పురా!"

ఫోను తెగిపోయింది.

వంగి పిల్లను ఎత్తబోయాడు. లేవలేదు. రెండు చేతులూ వీపు కింద పెట్టి బలంకొద్దీ లేపాడు. లేవలేదు. నీళ్ళ అడుగున వల బండకు పట్టుకున్నప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. అవతలి కొస ఎవరో పట్టుకున్నట్టు కాదు. అసలు అది అక్కడిదే అయినట్టు. పిల్ల కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. పెదాలు నల్లబడుతున్నాయి.

"వద్దు," అన్నాడు విజేందర్. "వద్దు... మర్చిపోయిన... సూడలేదు... మా ఇల్లే అనుకున్న..."

"మీ ఇల్లే గదా," అంది గొంతు. ఇప్పుడు అది లోపలి నుంచి రాలేదు. చెవి పక్కనే.

 విజేందర్ పారిపోలేదు. పిల్లను వదిలి ఎక్కడికి పోతాడు? మోకాళ్ళ మీద పడ్డాడు. అరుగు రాతికి నుదురు ఆనించాడు.

"ఒక్కతే బిడ్డ. ఎన్నేండ్లకు పుట్టిందో నీకు ఎరికేనా? నన్ను ఉంచుకో. నేను ఈడనే పండుకుంట. దాన్ని ఇయ్యి."

అన్నట్టే అరుగు మీద పిల్ల పక్కన వెల్లకిలా పడుకున్నాడు. తల, వీపు, కాళ్ళు, చేతులు... అన్నీ రాతికి ఆనించి పెట్టాడు. తనను తాను కింద పెట్టుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎత్తుకుపోనీ. ముంచనీ. ఏమన్నా చెయ్యనీ.

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత నవ్వు వినపడింది. ఎగతాళి నవ్వు కాదు. పిల్లలు అమాయకంగా ఏదో అంటే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"నువ్వు ఈ ఊరు ఇడిసి ఎప్పుడు పోయినవ్ బిడ్డా?" అంది గొంతు.

దుమారం తగ్గినట్టుంది, దూరంగా టార్చి వెలుతురు ఊగుతూ కనపడింది. "అన్నా! ఓ అన్నా!" నవీన్ గడ్డ దిగి పరిగెత్తుకుని వస్తున్నాడు. వచ్చి, అరుగు మీద ఇద్దరూ పక్కపక్కన పడుకుని ఉండటం చూసి ఆగిపోయాడు.

"ఏం చేస్తున్నవన్నా? పిచ్చిలేసిందా?"

"లేస్త లేదురా. బిడ్డ లేస్త లేదు..."

"నువ్వు జరుగు."

నవీన్ వంగి పిల్లను ఎత్తాడు. పూలబుట్ట ఎత్తినంత తేలికగా లేచింది. భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా పరుగు తీశాడు. విజేందర్ లేచి వెనక పరిగెత్తాడు. ఊరు దాటుతుండగా గొంతు మళ్ళీ వినపడింది. గడప దాటే పిల్లలకు ఎవరైనా చెప్పే మాటే అది.

"పోయి రా తల్లీ."

నవీన్‌కు వినపడలేదు.

కొల్లాపూర్ దవాఖానలో సెలైన్ పెట్టారు, మందు ఎక్కించారు. ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగేదని డాక్టరు కోప్పడ్డాడు. తెల్లవారేసరికి అనూహ్య కళ్ళు తెరిచి ఇడ్లీ అడిగింది. షాద్‌నగర్ నుంచి మొదటి బస్సుకు వచ్చిన గ్రేస్ పిల్లను పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మొగుణ్ణి నాలుగు తిట్టింది. పిల్ల కూడా నవ్వింది. విజేందర్‌కు ఆ పొద్దు ప్రపంచమంతా తిరిగి దొరికినట్టయింది.

జానమ్మ మాత్రం నవ్వలేదు. పిల్ల గౌను విప్పి వీపు చూసింది. అరుగు రాతి మీది తెల్లటి మన్ను ఆ వీపున అచ్చుపడి ఉంది. తడిగుడ్డ పెట్టి ఎంత తుడిచినా కొంచెం మిగిలే ఉంది. కొడుకును వరండాలోకి పిలిచింది.

"కిందవెట్టినవ్ గదా."

విజేందర్ తల దించుకున్నాడు.

"నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పుకోలేదు," అంది జానమ్మ. "ఊరు మునిగినంక మొదటి ఎండకాలం. అందరం సూడవోయినం. మా ఎన్క ఇంటి లీలమ్మ పసిదాన్ని అరుగు మీద పండవెట్టి గడప ఊడ్చుకున్నది. మల్ల ఎత్తుకొని ఇంటికి తెచ్చుకున్నది. మంచిగనే ఉండె, పాలు తాగె, ఆడె. వానకాలం నీళ్ళొచ్చి ఊరు మునిగిన నాడు... ఉయ్యాలల పానం పోయింది. ఉయ్యాల పొడిగనే ఉన్నది బిడ్డా. పిల్ల నోట్లకెళ్ళి నీళ్ళొచ్చినయ్. నేనే కడిగిన."

ఆ మాట విన్న తర్వాత విజేందర్ ఎట్లా బతికాడో అతనికే తెలియదు. పాస్టరును తీసుకుపోయి పాత అరుగు దగ్గర ప్రార్థన చేయించాడు. గడ్డపారతో అరుగు పగలగొట్టబోయాడు. ఒక బండ పగిలింది. అదే సమయానికి ఇంట్లో అనూహ్య నడుము పట్టుకుని గిలగిల కొట్టుకుందని అమ్మ ఫోన్ చేసింది. గడ్డపార అక్కడే పారేసి వచ్చాడు. మళ్ళీ పోలేదు.

ఆ ఏడు పాలమూరు జిల్లా అంతా వాన కోసం ఆకాశం వైపు చూసింది. చర్చిలో వాన కోసం ఉపవాసం పట్టారు. మసీదులో, గుళ్ళో అదే మొక్కు. బోర్లు ఎండిపోయి జనం బిందెలు పట్టుకుని ఏడుస్తుంటే, వాళ్ళ మధ్య మోకరించి విజేందర్ ఒక్కడే వద్దు, వద్దు ప్రభువా, వాన వద్దు అని వేడుకున్నాడు. ఆ పాపానికి తనకు నరకమే రాసిపెట్టి ఉందని అతనికి నమ్మకం. రానీ, పిల్ల ఉంటే చాలు.

వానలు ఇక్కడ కాదు, పైన కర్ణాటకలో పడ్డాయి. వరద వస్తుందని తెలియగానే పిల్లను తీసుకుని షాద్‌నగర్ పోయాడు. గ్రేస్ గది మూడో అంతస్తులో. కింద బజారు, ఎదురుగా సెల్‌ఫోన్ల దుకాణం, మైళ్ళ దూరం దాకా ఏరూ లేదు, నిండిన చెరువూ లేదు. ఇంత దూరం రాదు అనుకున్నాడు. గ్రేస్‌కు అంతా చెప్పాడు. ఆమె మొదట నమ్మలేదు. తర్వాత కంపెనీకి పోవడం మానేసి పిల్ల పక్కనే కూర్చుంది.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం నవీన్ ఫోన్ చేశాడు. "అన్నా, మీద జూరాల డ్యాము గేట్లు ఎత్తిండ్రు. నీళ్ళు మస్తు దిగుతున్నయ్."

విజేందర్ ఫోను పెట్టెయ్యనివ్వలేదు. గడ్డ మీద నిలబడి చూసి చెప్తూ ఉండమన్నాడు. నవీన్ ఇప్పుడు నవ్వడం లేదు.

"పాయ నిండింది... సమాధుల దాక వచ్చింది... బావి మునిగింది అన్నా."

అనూహ్య మంచం మీద కూర్చుని బొమ్మల పుస్తకంలో రంగులు వేసుకుంటోంది. ఉన్నట్టుండి కాళ్ళు పైకి ముడుచుకుంది.

"నాయినా, కాళ్ళు చల్లగయితున్నయ్."

గ్రేస్ పిల్ల పాదాలు పట్టుకుంది. పొడిగానే ఉన్నాయి. కానీ ఐసు ముక్కలు. దుప్పటి కప్పింది. రుద్దింది. ఆ చలి పాదాల నుంచి మోకాళ్ళకు, మోకాళ్ళ నుంచి నడుముకు ఎక్కడం ఆమె అరచేతికి తెలుస్తూనే ఉంది.

"నడుముల దాక వచ్చింది," అంది పిల్ల. భయపడటం మొదలైంది. "నాయినా, ఎత్తుకో!"

విజేందర్ ఎత్తుకున్నాడు. మంచం మీదికి ఎక్కాడు. కుర్చీ వేసుకుని దాని మీద నిలబడ్డాడు. పిల్ల తల పైకప్పుకు తగిలేదాకా రెండు చేతులతో పైకి లేపి పట్టుకున్నాడు. మూడో అంతస్తులో, పొడి గదిలో, ఒక తండ్రి నీళ్ళు లేని చోట పిల్లను నీళ్ళ పైకి ఎత్తిపట్టుకుని ఏడుస్తున్నాడు.

"అరుగు మునిగింది అన్నా," అన్నాడు నవీన్ ఫోనులో.

"మెడ కాడికి... నాయినా... నోట్లకు వస్తాంది..."

"మూసుకో తల్లీ! నోరు మూసుకో! ఊపిరి పట్టు!"

అనూహ్య గుండెల నిండా గాలి పీల్చి నోరు గట్టిగా మూసుకుంది. బుగ్గలు ఉబ్బాయి. జుట్టు... కదిలింది. ఫ్యాను తిరగడం లేదు. అయినా పిల్ల జుట్టు ముఖం మీంచి లేచి, మెల్లగా, చాలా మెల్లగా అటూ ఇటూ ఆడింది. గ్రేస్ కింద మోకరించి మొగుడి కాళ్ళు వాటేసుకుంది. పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. ముఖం కమిలింది. కాళ్ళు తన్నుకున్నాయి. విజేందర్ చేతుల్లోనే, అతని కళ్ళ ముందే. ఏమీ చెయ్యలేడు... ఏమీ... ఏమీ...

ఉన్నట్టుండి తన్నుకోవడం ఆగింది.

పిల్ల నోరు తెరిచి ఊపిరి వదిలింది. మళ్ళీ పీల్చింది. ఇంకోసారి. బుగ్గలకు రంగు తిరిగి వచ్చింది. విజేందర్ కుర్చీ దిగి మంచం మీద కూలబడ్డాడు. గ్రేస్ పిల్లను లాక్కుని ఒళ్ళంతా తడిమింది. నోట్లో వేలు పెట్టి చూసింది. పొడిగా ఉంది. ప్రాణం ఉంది. "స్తోత్రం ప్రభువా, స్తోత్రం" అంటూ బావురుమంది.

"పోయినయా తల్లీ? నీళ్ళు పోయినయా?" అన్నాడు విజేందర్.

"పోలె," అంది అనూహ్య. "ఇంకా వస్తున్నయ్. కానీ నన్ను ఎత్తుకున్నరు. మీదికి."

"ఎవరు?"

పిల్ల అతని ముఖంలోకి చూసింది. నుదురు చూసింది, చెవులు చూసింది, సరిపోల్చుకుంటున్నట్టు.

"నువ్వే నాయినా. గాడ పాత ఊర్ల చిన్నగున్నవ్. నా అంతనే ఉన్నవ్."

 కింద బజారులో ఎవరో బేరం ఆడుతున్నారు. తెగిపోని ఫోనులో నవీన్ ఏదో చెప్తున్నాడు. ఇంకా గేట్లు ఎత్తారట, నీళ్ళు ఇంకా పెరుగుతాయట, ఈసారి డ్యాము నిండుతుందట, ఊళ్ళో అందరూ సంబరపడుతున్నారట. నిండిన డ్యాము మళ్ళీ ఎండాకాలానికి గానీ తగ్గదు.

"నాయినా," అంది అనూహ్య తల్లి ఒళ్ళో పడుకుని. "వానికి చేతులు గుంజుతున్నయంట. ఇంకెంతసేపు పట్టుకోవాలె అని అడుగుతున్నడు."

గ్రేస్ మొగుడి వైపు తిరిగింది. విజేందర్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒడిలో ఎవరూ లేరు, చేతుల్లో ఏమీ లేదు. అయినా అతని రెండు చేతులూ బరువుకు భుజాల దాకా వణుకుతున్నాయి.